ఊరే సాక్షి: చిన్న ఊరి నేరపరిశోధన కథలపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ మధ్య ఈ శీర్షికకు విశాఖపట్నం నుంచి, ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయాన్ని అడిగాయి. పోలీసు ఉద్యోగి కాని, వృత్తిరీత్యా డిటెక్టివ్ కాని ఒక మామూలు మనిషి తన ఊళ్ళో జరిగిన నేరం గుట్టు విప్పే కథను ఎలా రాయాలి అన్నదే ఆ ప్రశ్న. నెత్తురు, భీభత్సం లేకుండా ఇంటిల్లిపాదీ చదువుకోదగిన ఇటువంటి కథలు తెలుగులో ఇంకా ఎన్నో రావాలని మనసారా కోరుకునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి కనుక, ఈసారి స్థలమంతా ఆ ఉత్తరాలకే ఇస్తున్నాను.

ప్రశ్న: నేను భీమిలిలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయినిని. మా ఊరి నేపథ్యంలో ఒక నేరపరిశోధన నవల రాయాలని ఉంది. కథానాయిక కూడా నాలాగే బడి నుంచి రిటైరైన టీచరమ్మ. కానీ ఇంత చిన్న ఊళ్ళో చెప్పుకోదగ్గ నేరం ఏముంటుంది? హత్య లేకపోతే పాఠకులు చివరిదాకా చదువుతారా?

సమాధానం: అమ్మా, మీ ఊరికి కథలు తక్కువేమీ కాదు. 1861లోనే మునిసిపాలిటీ అయిన పట్నం అది. డచ్చివారి పాత సమాధులు, లైట్‌హౌసు, గంటస్తంభం, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, అన్నీ కాలినడకన తిరిగి రాగలిగినంత దూరంలో ఉన్నాయి. ఊరు చిన్నదైనా అందులో దాచుకోవలసిన విషయాలు చిన్నవి కావు. తీరం వెంబడి స్థలాల ధరలు పెరిగాక అన్నదమ్ముల మధ్య మాటలు తగ్గిన ఇళ్ళు, చీటీల డబ్బు చేతులు మారిన తీరు, తాతలనాటి కాగితాలు ఎవరి బీరువాలో ఉన్నాయన్న అనుమానం, ఆడపిల్లకు పెడతానని పెట్టని నగ, వీటిలో ఏ ఒక్కటైనా నవల మొత్తాన్ని మోయగలదు. హత్య తప్పనిసరి కాదు. పాఠకుణ్ణి చివరిదాకా నడిపించేది శవం కాదు, తనకు బాగా తెలుసనుకున్న మనిషి అబద్ధం ఎందుకు చెప్పాడో తెలుసుకోవాలన్న ఆరాటం.

ఒక ఉదాహరణ అల్లి చూపిస్తాను. వైశాఖ శుద్ధ తదియ నాడు సింహాచలంలో చందనోత్సవం జరుగుతుంది. అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికి ఆ ఒక్కరోజే కనుక మీ వీధిలో సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. ఆ రాత్రి ఒక ఇంట్లో నగలపెట్టె మాయమవుతుంది. క్యూలో చిక్కుకుని ఆలస్యంగా తిరిగొచ్చిన కుటుంబం పోలీసులకు చెబుతుంది. ఎదురింటి పెద్దమనిషి, రాత్రి పదకొండు గంటలకు తాను మేడమీద ఉన్నానని, సముద్రం మీద వెన్నెల కాస్తుంటే ఆ వెలుగులో ఫలానా కుర్రవాడు గోడ దూకడం చూశానని వాంగ్మూలం ఇస్తాడు. ఆయన పరువున్న మనిషి, కుర్రవాడికి ఇదివరకే చెడ్డపేరుంది. పోలీసులు కుర్రవాణ్ణి తీసుకుపోతారు.

మీ టీచరమ్మ ఇంటికొచ్చి, వంటింటి గోడకు వేలాడే క్యాలెండరు ముందు నిలబడుతుంది. శుద్ధ తదియ చంద్రుడు సన్నని వంకగా పడమటి దిక్కున కనబడి, రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నర లోపే అస్తమిస్తాడు. పదకొండు గంటలకు వెన్నెలే ఉండదు. పైగా భీమిలికి సముద్రం తూర్పున ఉంది కాబట్టి, ఆ రాత్రి ఏ వేళలోనూ చంద్రుడు సముద్రం మీద నిలబడి ఉండడు. చీకటి పడ్డాక సముద్రంలోంచి పైకి లేచే చంద్రుణ్ణి చూడాలంటే పౌర్ణమి రావాలి, లేదా ఆ తరువాతి బహుళ పక్షపు రోజులు రావాలి. పెద్దమనిషి అబద్ధం ఆడాడని ఆమెకు తేలిపోతుంది. ఈ ఆధారానికి ప్రయోగశాల అక్కరలేదు. రోజూ తిథి చూసుకునే అలవాటు, సముద్రానికి ఎదురుగా బతికిన జీవితం, ఈ రెండే చాలు. తెలుగు పాఠకులందరి ఇంట్లోనూ ఆ క్యాలెండరు ఉంది కనుక, ఆధారం వాళ్ళ కళ్ళెదుటే ఉన్నా వాళ్ళు దాన్ని దాటిపోతారు.

ఇక్కడే తొందరపడవద్దని నా విన్నపం. అబద్ధం చెప్పినవాడే దొంగ అని తేల్చేస్తే కథ పలచబడుతుంది. ఆ పెద్దమనిషి ఆ రాత్రి అసలు ఇంట్లోనే లేడనుకోండి. భార్యకు తెలియకుండా ఆమె నానుతాడు కుదువపెట్టి, దాన్ని విడిపించుకోవడానికి వడ్డీవ్యాపారి ఇంటి అరుగుమీద కాళ్ళావేళ్ళా పడుతున్నాడనుకోండి. ఇంట్లోనే ఉన్నానని నమ్మించడానికి లేని వెన్నెలను సృష్టించాడు, ఆ వెన్నెలకు ఒక అమాయకుణ్ణి బలిపెట్టాడు. అసలు దొంగ సంగతి పక్కనబెట్టినా, మీ టీచరమ్మ ఆయన గుమ్మం ఎక్కి, ఆయన భార్య వినేలా ఈ మాట అడగాలా వద్దా అని తటపటాయించే అధ్యాయం ఒకటి మీకు దొరికింది. ఇలాంటి నవలకు ప్రాణం అక్కడుంటుంది. ఒక్క నియమం మాత్రం మీ గోడమీద రాసి పెట్టుకోండి: ఆ ఊళ్ళో బతికిన మనిషి తప్ప మరొకరు విప్పలేని ముడిగా కథను అల్లాలి. ఎక్కడినుంచో వచ్చిన తెలివైనవాడు కూడా విప్పగలిగితే, ఆ కథకు మీ భీమిలి అక్కరలేదు, మీ టీచరమ్మా అక్కరలేదు.

ప్రశ్న: ఈ తరహా కథ ఇంగ్లండు నుంచి అరువు తెచ్చుకున్నదేనని, మన నేలకు అతకదని మా సాహిత్య మిత్రుడు వాదిస్తున్నాడు. మీరేమంటారు? (సీతమ్మధార నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: ఆధునిక రూపం అక్కడ స్థిరపడిందన్న మాట నిజం. రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలంలో అది బాగా వికసించింది. అగాథా క్రిస్టీ సృష్టించిన పల్లెటూరి వృద్ధురాలు మిస్ మార్పుల్ 1927లో ఒక కథలోను, 1930లో ఒక నవలలోను పాఠకుల ముందుకు వచ్చింది. ఇక తెలుగులో కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్‌ను తలచుకోని పాత పాఠకుడు ఉండడు. అయితే యుగంధర్ వృత్తిలో ఉన్న డిటెక్టివు, సహాయకుడు రాజుతో కలిసి కేసులు చేపట్టేవాడు. ఊళ్ళో మామూలు మనిషి చేసే పరిశోధన మన ఆధునిక నవలలో తక్కువగా కనబడుతుందన్నంత వరకు మీ మిత్రుడితో ఏకీభవిస్తాను.

మన నేలకు అతకదన్న మాటను మాత్రం ఒప్పుకోను. మర్యాద రామన్న తీర్పులు విని పెరిగిన జాతి మనది. నేతి బాకీ తగవు గుర్తుచేసుకోండి. ఇద్దరు స్త్రీలు వస్తారు. పాడి బాగా ఉన్న ఇల్లాలికి తాను నెయ్యి అప్పిచ్చానని, పాడి కొంచెమే ఉన్న ఇల్లాలు అంటుంది. ఇంత పాడి ఉన్న తనకు ఆమె దగ్గర అప్పు చేయవలసిన ఖర్మేమిటని రెండో ఆమె అడుగుతుంది. సాక్షులు లేరు. రామన్న ఇద్దరినీ బురదలో నడిపించి, కాళ్ళు కడుక్కోమని చెరొక చెంబు నీళ్ళు ఇప్పిస్తాడు. ఒకామె ఆ నీళ్ళతోనే శుభ్రంగా కడుక్కుని ఇంకా కొంచెం మిగులుస్తుంది. పాడి ఎక్కువున్న ఆమె చెంబెడూ ఒలకబోసి, బురద వదలక, మరిన్ని నీళ్ళు అడుగుతుంది. పొదుపెరగని ఇంట్లో ఎంత పాడి ఉన్నా నెయ్యి మిగలదని రామన్న తేల్చేస్తాడు. మనిషి రోజువారీ అలవాటు నుంచి నిజాన్ని రాబట్టడమే ఆ తీర్పులోని విద్య. మీరు చెబుతున్న తరహా కథలు ఆధారపడేది కూడా సరిగ్గా ఆ విద్యమీదనే. రూపం పైనుంచి వచ్చి ఉండవచ్చు, దానికి కావలసిన చూపు మనకు ముందే ఉంది.

ఇంగ్లండు రచయితల దగ్గర తప్పక నేర్చుకోవలసినది ఒకటుంది, అది పాఠకుడి పట్ల నిజాయితీ. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే మతాచార్యుడు, తానూ నేరపరిశోధన నవలలు రాసినవాడు, ఇటువంటి కథలకు పది నియమాలు పెట్టాడు. పరిశోధకుడికి దొరికిన ఆధారం పాఠకుడికి కూడా అందాలని, కాకతాళీయంగా ముడి విడిపోకూడదని వాటిలో ఉంది. వీటిని పాటించని కథను పాఠకులు క్షమించరు, క్షమించనూ కూడదు.

ప్రశ్న: పోలీసులకు తెలియనిది ఒక గృహిణికో, దర్జీకో ఎలా తెలుస్తుంది? నమ్మశక్యంగా ఉండేలా రాయడం ఎలా? నేను గాజువాకలో పరిశ్రమ ఉద్యోగిని. నా కథలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే ఒక దర్జీ అమ్మ పరిశోధన చేస్తుంది.

సమాధానం: మంచి పాత్రను ఎంచుకున్నారు. పోలీసులు అడిగితే జనం జవాబు చెబుతారు, దర్జీ అడగకుండానే కబుర్లు చెబుతారు. ఈ తేడాను మీరు పట్టుకుంటే చాలు. ఎవరి జాకెట్టు కొలత నెలనెలా మారుతోంది, ఎవరు ఖరీదైన పట్టుబట్టకు ఉన్నట్టుండి రొక్కం ఇచ్చారు, ఎవరు చిరుగుకు మాట్లాడకుండా మాసిక వేయించుకుని పోయారు, ఇవన్నీ ఆమె పుస్తకంలో తేదీలతో సహా ఉంటాయి. ఆమె ఎవరినీ వెంబడించనక్కరలేదు, తాళాలు పగలగొట్టనక్కరలేదు. తన పనిలో తనకు తెలిసినదాన్ని రెండోసారి చూసుకుంటే చాలు. అంగన్‌వాడీ టీచరు, డ్వాక్రా సంఘం లెక్కలు రాసే అమ్మాయి, బీమా ఏజెంటు, పోస్టు బట్వాడా చేసే మనిషి, అందరికీ ఇటువంటి తెలివిడే ఉంటుంది.

పోలీసులను తెలివితక్కువవాళ్ళుగా చూపించకండి. అది అన్యాయం, పైగా కథను బలహీనపరుస్తుంది. ఒక ఎస్సై చేతిలో ఒకేసారి ఎన్నో కేసులుంటాయి, మీ దర్జీ అమ్మకు ఆలోచించడానికి ఇదొక్కటే ఉంది. వివరాలు కూడా సరిచూసుకోండి. గాజువాక విశాఖ పోలీసు కమిషనరేటు పరిధిలోది కాబట్టి మీ ఇన్‌స్పెక్టరు పైన ఏసీపీ ఉంటారు, డీఎస్పీ కాదు.

చట్టంలో మీకు గొప్పగా పనికొచ్చే అంశం ఒకటుంది. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారాన్ని నిందితుడి మీద రుజువుగా వాడకూడదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 25వ సెక్షనుగా ఉన్న ఈ నియమం, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షనులో కొనసాగుతోంది. ఆ అంగీకారం వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, ఆ మేరకు చెప్పిన మాట చెల్లుతుంది. కానీ అదే మనిషి కుట్టుమిషను పక్కన కూర్చుని, మనసు ఆగక దర్జీ అమ్మతో చెప్పుకున్న మాటను కోర్టు పరిగణనలోకి తీసుకోవచ్చు. అది బలహీనమైన సాక్ష్యమే, దానికి తోడు వేరే ఆధారాలు కావాలి, అయినా దానికి చోటుంది. ఇన్‌స్పెక్టరుకు దక్కని మాట ఆమెకు దక్కింది. ఇప్పుడు ఆమె సాక్షిగా బోను ఎక్కాలి, తనను నమ్మి ఏడ్చిన మనిషిమీద చెప్పాలి. ఆ బరువును మీరు శ్రద్ధగా రాస్తే, మీ కథ చదివినవారు దాన్ని చాలాకాలం మోస్తారు.

ప్రశ్న: ఇప్పుడు వీధివీధినా కెమెరాలు, చేతిచేతికీ ఫోన్లు ఉన్నాయి. ఎవరు ఎక్కడున్నారో క్షణంలో తెలిసిపోతుంటే ఇక మిస్టరీ ఎక్కడ మిగిలింది? (ఎంవీపీ కాలనీ నుంచి ఒక విద్యార్థిని)

సమాధానం: ఫోను ఎక్కడుందో టవరు చెబుతుంది, అదీ సుమారుగా. అది ఎవరి చేతిలో ఉందో చెప్పదు. ఆ వివరాలు తెప్పించే అధికారం పోలీసులకే తప్ప మీ పరిశోధకురాలికి లేదు. ఇళ్ళకు, దుకాణాలకు పెట్టుకునే కెమెరాల్లో పాత దృశ్యాల మీద కొన్ని వారాల్లోనే కొత్తవి చేరిపోతాయి. దొంగతనం జరిగిన సంగతి రెండు నెలలకు బయటపడితే కెమెరా వల్ల ప్రయోజనం ఉండదు. ఎప్పుడో గాని తెరవని బీరువా, ఏడాదికొకసారి తీసే నగ, ఇవి కథకు అనువైన వస్తువులు.

అయినా ఫోన్లు అడ్డమే అనిపిస్తే, మన నగరం తన కళ్ళతో చూసిన కాలం ఒకటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. నీళ్ళకు, పాలకు, కొవ్వొత్తులకు జనం వరసల్లో నిలబడ్డారు. ఎవరు ఏ చుట్టాల ఇంట్లో తలదాచుకున్నారో ఒకరికొకరికి తెలియని ఆ రోజుల్లో ఒక మనిషి, ఒక పెట్టె, ఒక సంతకం కనబడకుండా పోవచ్చు. అందరి ఇంటి కిటికీలూ పగిలిన రోజున, ఒక కిటికీ అద్దం మాత్రం లోపలినుంచి పగిలి బయటికి పడిందని గమనించేది ఎవరు? రాయదలిస్తే, ఆ రోజులను అనుభవించిన పెద్దవాళ్ళను కూర్చోబెట్టి వినండి. ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క అధ్యాయానికి సరిపడా వివరాలు ఉన్నాయి.

సముద్రాన్ని కూడా వాడుకోండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తీరంలో మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. మొదటి ఉత్తరానికి జవాబులో నేను చెప్పిన చందనోత్సవం ఎప్పుడూ ఆ నిషేధ కాలంలోనే వస్తుంది. ఆ రాత్రి తాను హార్బరు నుంచి బోటులో వేటకు పోయానని చెప్పే అనుమానితుణ్ణి, చేపలు అమ్ముకునే ఏ అమ్మయినా ఒక్క మాటతో నిలవేయగలదు. అలాగే పోటు వేళ రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. నిన్న ఉదయం ఆరింటికి ఈ ఇసుక మీద నడిచానన్నవాడు అప్పుడు నిజానికి నీళ్ళలో నడిచి ఉండాలని జాలరి పిల్లవాడికి లెక్క కట్టకుండానే తెలుసు.

ప్రశ్న: నా కథలో ఒక దొంగ ఉత్తరం కీలకం. అది పాతది కాదని, కొత్తగా పుట్టించినదని సామాన్యుడు ఎలా కనిపెడతాడు? (అనకాపల్లి నుంచి)

సమాధానం: చిరునామా చూస్తే చాలు. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న మొదలైంది కాబట్టి, 1968 తేదీ వేసిన ఉత్తరంలో ఆరంకెల పిన్‌కోడు ఉంటే అది తరువాత రాసినదే. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. అంతకుముందు నాటి కాగితంలో ఆ జిల్లా పేరుంటే అది కూడా దొంగదే. మీ అనకాపల్లి జిల్లాకైతే 2022 ఏప్రిల్ 4 హద్దు. దొంగ ఉత్తరం రాసేవాడు కాగితాన్ని టీనీళ్ళలో ముంచి పాతబరుస్తాడు, సిరా మార్చి రాస్తాడు. చిరునామా మాత్రం చేతి అలవాటు కొద్దీ రాసేస్తాడు. మీ పరిశోధకుడు రిటైరైన పోస్టుమ్యానో, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు బయట దస్తావేజులు రాసే లేఖరో అయితే ఈ పట్టు సహజంగా అమరుతుంది.

ప్రశ్న: పాత్రల పేర్లు కలగాపులగం కాకూడదంటారు. కానీ మా కంచరపాలెంలో ఒకే వీధిలో నలుగురు అప్పలరాజులున్నారు. వాస్తవం రాయనా, సౌలభ్యం చూసుకోనా?

సమాధానం: వాస్తవమే రాయండి, దాన్నే కథగా మలచండి. అప్పన్న పేరు, పైడితల్లి పేరు పెట్టుకోని ఇల్లు ఉత్తరాంధ్రలో అరుదు. అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ, పైడిరాజు, సింహాచలం, ఇవి గుమ్మం గుమ్మానికీ వినబడే పేర్లు. ఒక అప్పలరాజుకు రావలసిన రిజిస్టరు కవరు ఇంకొక అప్పలరాజు చేతిలో పడిందనుకోండి. పంపినవాడు తప్పు చేయలేదు, తెచ్చినవాడు తప్పు చేయలేదు, తీసుకున్నవాడు కూడా మొదట తప్పు చేయలేదు. విప్పి చదివి, మళ్ళీ అంటించి ఊరుకున్న క్షణంలో నేరం మొదలైంది. ఊరు ఆ నలుగురినీ ఎలా వేరుచేసి పిలుస్తుందో, బడ్డీ అప్పలరాజు, రైల్వే అప్పలరాజు అని, అలాగే మీరూ పిలవండి, పాఠకుడు తికమకపడడు. కవరు మీద మాత్రం ఆ బడ్డీ, ఆ రైల్వే ఉండవు. బయటివాడు పంపాడనడానికి అదే గుర్తు.

ప్రశ్న: ఊరి పేరు, వీధుల పేర్లు నిజమైనవి వాడవచ్చా? ఎవరైనా నొచ్చుకుంటారేమోనని భయంగా ఉంది. (మధురవాడ నుంచి ఒక గృహిణి)

సమాధానం: ఊరు, సముద్రం, కొండ, పండుగ, బస్సు దారి నిజమైనవే ఉండనివ్వండి. నేరం జరిగే ఇల్లు, దుకాణం, బడి, గుడి మాత్రం మీరు కల్పించినవై ఉండాలి. ఉన్న బడికి లేని దొంగను అంటగట్టడం తప్పు. వీధిలో జరిగిన నిజమైన విషాదాన్ని పేరు మార్చి వాడుకోవడం అంతకన్నా పెద్ద తప్పు, ఎందుకంటే ఊళ్ళో అందరూ గుర్తుపడతారు, ఆ ఇంటివాళ్ళు అందరికంటే ముందు గుర్తుపడతారు. రాయడం మొదలుపెట్టే ముందు ఒక పెద్ద కాగితం మీద మీ కల్పిత వీధి పటం గీయండి. ఏ ఇంటి వీధివాకిలి ఎటు తిరిగి ఉంది, ఏ మేడ నుంచి ఏ పెరడు కనబడుతుంది, దీపం ఎక్కడుంది, కుళాయి ఎక్కడుంది, అన్నీ అందులో గుర్తించండి. మూడో అధ్యాయంలో తూర్పు గుమ్మం ఉన్న ఇంటికి పదో అధ్యాయంలో పడమటి గుమ్మం వస్తే పాఠకులు వెంటనే ఉత్తరం రాస్తారు. పటం పూర్తయ్యాక దాన్ని మీ ఇంట్లో ఒకరికి చూపించి, దొంగ ఎటునుంచి వచ్చి ఉంటాడో అడగండి. వాళ్ళు మొదటిసారే సరిగ్గా చెప్పేస్తే ఇంకొక సందు గీయండి.